ఎక్కేదొక దారి, దిగేదొక దారి

ముప్పై దాటాక కీబోర్డు క్లాసులో చేరాను. మేజర్ స్కేలు సాఫీగానే వచ్చింది. మైనర్ దగ్గరకొచ్చేసరికి ఒకటి కాదు, మూడున్నాయన్నారు: నేచురల్, హార్మోనిక్, మెలోడిక్. మూడోది మరీ విచిత్రం. ఎక్కేటప్పుడు ఒక రకం స్వరాలు, దిగేటప్పుడు ఇంకో రకం. ఎందుకండీ అని మాస్టారిని అడిగితే "పరీక్షలో అలాగే వాయించాలి" అన్నారు. ఆఫీసులో ఎవరో పదేళ్ళ కిందట రాసి వెళ్ళిపోయిన కోడ్ చదవడమే నా ఉద్యోగం. అందులో అర్థంపర్థం లేని ఇఫ్ కండిషన్ కనిపిస్తే, ఒకప్పుడు ఎవరికో ఏదో ఇబ్బంది వచ్చే ఉంటుందని నా అనుమానం. ఇక్కడా అదే అనుమానం వచ్చింది.

మన స్వరాల్లో చెప్పుకుంటే సులువు. నేచురల్ మైనర్ అంటే నఠభైరవి: స రి2 గ2 మ1 ప ద1 ని2. నలుపూ తెలుపూ కలిపి లెక్కేస్తే ఇందులో ని2 నుంచి పై షడ్జానికి రెండు కీల దూరం. యూరప్ చర్చి గాయకులకి పాట ముగిసేచోట ఇది చప్పగా అనిపించింది. షడ్జాన్ని ఆనుకుని ఉండే ని3 అయితే అటువైపు లాగుతుంది, పాట ముగిసిందన్న సంగతి చెవికి గట్టిగా తెలుస్తుంది. అందుకని 14వ శతాబ్దం నాటికే, రాతలో లేకపోయినా ముగింపుల్లో స్వరాన్ని పెంచి పాడేవారు. ఈ అలవాటుకి మ్యూజికా ఫిక్టా అని పేరు. 1547లో గ్లారియానుస్ అనే స్విస్ పండితుడు ఈ నఠభైరవి వరసకి ఎయోలియన్ అని పేరుపెట్టి పుస్తకానికి ఎక్కించేసరికే, పెంచి పాడటం పాతబడిపోయింది.

ఒకచోట బగ్ సరిచేస్తే ఇంకోచోట పుడుతుంది కదా. నిషాదం పైకి జరిగేసరికి కింద ద1 ఒంటరిదైపోయింది. రెంటికీ మధ్య మూడు కీల ఎడం. ఇదే హార్మోనిక్ మైనర్, మన కీరవాణి. బృందగానంలో ఆ ఎడం కుదరదన్నారు. పాలెస్త్రీనా శైలిని ఆదర్శంగా పెట్టుకుని 1725లో ఫుక్స్ రాసిన పాఠ్యగ్రంథం 'గ్రాడుస్ అడ్ పర్నాసుమ్'లో ఇలాంటి అంగకి చోటే లేదు. సరే, ధైవతాన్నీ పెంచేశారు: ప ద2 ని3 స. అది గౌరీమనోహరి, త్యాగరాజు 'గురులేక ఎటువంటి' ఉన్న రాగం. దిగేటప్పుడు షడ్జం వైపు లాగాల్సిన పని లేదు కాబట్టి రెండు స్వరాలూ తమ పాతచోట్లకి వెళ్ళిపోతాయి: స ని2 ద1 ప.

పాఠ్యపుస్తకాలు ఇదంతా ఒక్క ముక్కలో తేల్చేస్తాయి: ఆ ఎడం పాడటం కష్టం అని. నాకు పేచీ ఇక్కడే. మా అక్క కూతురికి ఏడేళ్ళు, కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సరళీ వరసలు మాయామాళవగౌళలో. రి1 నుంచి గ3కి మూడు కీలు, ద1 నుంచి ని3కి మళ్ళీ మూడు. పాలెస్త్రీనా గాయకులు తప్పించుకు తిరిగిన ఎడాన్ని ఈ పిల్ల మొదటి పాఠంలోనే, ఒక్క ఆరోహణలో రెండుసార్లు దాటేస్తోంది, అదీ ఒక కన్ను టీవీ మీద పెట్టి. కష్టమన్నది గొంతు చెప్పిన మాట కాదు, అలవాటుపడ్డ చెవి చెప్పిన మాట. వాళ్ళ ఇబ్బంది అబద్ధమని కాదు. నాలుగు గొంతులు నాలుగు వరసల్లో నడుస్తూ క్షణక్షణం ఒకదానితో ఒకటి కలవాలంటే ఎవరూ ఎక్కువ దూకకపోవడమే మంచిది. శ్రుతిపెట్టె ఒకే షడ్జాన్ని పట్టుకుని కూర్చునే మన పద్ధతిలో ఆ చిక్కు రాలేదు.

పోనీ, పైకొకటి కిందికొకటి అన్నది మనకి కొత్తా అంటే కాదు. 'విరిబోణి' వర్ణం నేర్చుకున్నవాళ్ళని అడగండి. భైరవిలో ఎక్కేటప్పుడు ద2, దిగేటప్పుడు ద1. కాకపోతే అది రాగం నడక, కార్డ్‌లు తెచ్చిన మార్పు కాదు.

కార్డ్ సంగతి తెలిశాక నా సాధన మారింది. ఇదివరకు స్కేలుని ఎక్కాల్లా వల్లించేవాణ్ణి. ఇప్పుడు బీటిల్స్ 1965 పాట 'యెస్టర్‌డే' పెట్టుకుంటున్నాను. పాట ఎఫ్ మేజర్‌లోదే, కానీ మొదట్లోనే డి మైనర్ వైపు తిరుగుతుంది. ఎడమచేత్తో ఏ సెవెన్త్ పట్టుకుంటే, కుడిచెయ్యి ఏ, బి, సి షార్ప్, డి అని ఎక్కుతుంది. కాసేపటికి దిగేటప్పుడు కార్డ్ మారిపోయి, మామూలు సి, బి ఫ్లాట్ వస్తాయి. మెలోడిక్ మైనర్ మొత్తం ఆ కాస్తలోనే ఉంది. పైన దిక్కుని బట్టి మారతాయన్న స్వరాలు నిజానికి కింద ఉన్న కార్డ్‌ని బట్టి మారతాయి. అందుకే బాఖ్ కొన్నిచోట్ల దిగేటప్పుడు కూడా పెంచిన స్వరాలే వాడతాడు. జాజ్ వాళ్ళయితే దిగే దారి పూర్తిగా వదిలేసి రెండువైపులా గౌరీమనోహరే వాయిస్తారు. అందులో పంచమాన్ని షడ్జం చేసుకుంటే చారుకేశి, మధ్యమాన్ని చేసుకుంటే వాచస్పతి. మనం గ్రహభేదం అనేదాన్ని వాళ్ళు మోడ్‌లంటారు.

మాస్టారికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "బావుంది, పరీక్షలో మాత్రం దిగేటప్పుడు నేచురలే వాయించు" అన్నారు.