పలావులోని పరదేశి – అనాస పువ్వు చరిత్ర



ఈ పూట మన పొలంలో పండని సరుకును గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. పండనిదానితో మనకేమి పని అంటారేమో. పని ఉన్నది. పెండ్లికి పలావు వండినా, పండుగకు మాంసం కూర వండినా అది మసాలాలో పడవలసిందే. పసిబిడ్డకు కడుపు ఉబ్బితే దాని కషాయం పట్టుమని చెప్పేవారు కూడా ఉన్నారు. ఆ కషాయం సంగతే ముఖ్యంగా చెప్పవలసి ఉన్నది. అయితే ఆ సరుకు పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే గాని ఆ మాట మనసుకు పట్టదు. అందుచేత ముందు చరిత్ర చెప్పి, తరువాత హితవు చెబుతాను.

ఆ సరుకే అనాస పువ్వు. జహీరాబాదు బజారులో ఏ కిరాణా దుకాణంలోనైనా దొరుకుతుంది. మనం అనాస పువ్వు అంటాము. ఉర్దూ మాట్లాడేవారు బాదియాన్ అంటారు. బీదరు వైపు నుంచి వచ్చే కన్నడంవారు చక్రమొగ్గు అంటారు. నిజానికి అది పువ్వూ కాదు, మొగ్గా కాదు. ఒక చెట్టు కాయ. పచ్చిగా ఉండగానే కోసి ఎండబోస్తే ఎర్రమట్టి రంగుకు తిరిగి, నక్షత్రం వలె విచ్చుకుంటుంది. సాధారణంగా 8 తొనలు ఉంటాయి. తొనకొక నున్నని గింజ. అనాసపండుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

బాదియాన్ అన్న పేరులో దీని చరిత్ర కొంత దాగి ఉన్నది. పారసీ భాషలో బాదియాన్ అంటే సోంపు. దీని పూర్తి పేరు బాదియానె ఖతాయీ. ఖతా అంటే చీనా దేశం. అనగా ఇది ‘చీనా సోంపు’. వాసన సోంపు వాసనే గదా! యూనానీ హకీములు ఆ పేరుతోనే దీనిని తమ మందులలో చేర్చుకున్నారు. చీనావారు మాత్రం ‘ఎనిమిది మూలలది’ అని పిలుస్తారు. చీనాకు దక్షిణాన గ్వాంగ్సీ ప్రాంతమూ, దాని పక్కనే వియత్నాంలోని లాంగ్ సన్ కొండలూ ఈ చెట్టుకు సొంత ఊళ్ళు. అక్కడి నుంచి ఓడల మీద బొంబాయికి చేరేది. బొంబాయి నుంచి హైదరాబాదుకు పోయే బాట మన జహీరాబాదు మీదుగానే పోతుంది. కనుక ఈ పరదేశి మన వాకిట్లో నుంచే రాజధాని వంటశాలలకు నడిచిందని చెప్పుకోవచ్చును.

ఐరోపావారికి ఈ కాయ ఆలస్యంగా తెలిసింది. 1588లో థామస్ కావెండిష్ అనే ఆంగ్ల నావికుడు భూగోళం చుట్టి వస్తూ ఫిలిప్పీను దీవుల నుంచి దీనిని ఇంగ్లండుకు తెచ్చాడు. 1601లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త దీనిని వర్ణించి గ్రంథస్థం చేశాడు. కాయను చూశారే గాని, అది కాసే చెట్టును వారు చూడలేదు. ఇక్కడే చిక్కు వచ్చింది.

జపానులో అచ్చం ఇటువంటి కాయలే కాసే మరొక చెట్టు ఉన్నది. దాని పేరు షికిమి. అక్కడివారు దాని కొమ్మలను బుద్ధాలయాలలోనూ, సమాధుల వద్దనూ ఉంచుతారు. ఆకును, బెరడును పొడిచేసి ధూపం వేస్తారు. కాయను మాత్రం నోట పెట్టరు, ఎందుకంటే అది విషం. ఐరోపా పండితులు చాలా కాలం ఈ రెండు చెట్లూ ఒకటే అనుకున్నారు. 1759లో లిన్నేయస్ మహాశయుడు జపాను చెట్టుకే ‘సోంపు వంటిది’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1888లో గాని ఆ ముడి విడలేదు. ఆ ఏడు హుకర్ అనే శాస్త్రవేత్త చీనా చెట్టును వేరుగా గుర్తించి, దానికి ఇల్లీసియం వేరమ్ అని పేరు పెట్టాడు. వేరమ్ అంటే ‘నిజమైనది’. మూడు వందల ఏండ్లు తిన్న తరువాత నిజమైన చెట్టుకు నిజమైన పేరు దొరికింది.

ఇదంతా పండితుల తగవు, మనకెందుకు అనుకోవద్దు. 2001లో హాలండు దేశంలో అనాస పువ్వు తేనీరు తాగినవారు 60 మందికి పైగా జబ్బుపడ్డారు. కొందరికి మూర్ఛలు వచ్చాయి. చీనా కాయలలో జపాను కాయలు కలిసినందువల్ల జరిగిన అనర్థమది. 2003లో అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ శాఖ, ఈ తేనీరు తాగి సుమారు 40 మంది జబ్బుపడ్డారనీ, అందులో 15 మంది దాకా పసిబిడ్డలేననీ చెప్పి జనాన్ని హెచ్చరించింది. ఆ బిడ్డలకు తల్లులు విషం పెట్టదలచలేదు. కడుపునొప్పి తగ్గాలని కషాయం పట్టారు. జపాను కాయలోని అనిసాటిన్ అనే విషం నరాల మీద పనిచేసి వాంతులు, వణుకు, మూర్ఛలు తెస్తుంది. బిడ్డ ఎంత చిన్నదైతే ముప్పు అంత ఎక్కువ.

రెండు కాయలను కంటితో పోల్చుకోవచ్చునా? జపాను కాయ కాస్త చిన్నది. తొనల కొనలు కొక్కెం వలె వంగి ఉంటాయి. సోంపు వాసన రాదు. అయితే ఎండి, విరిగి, ఒకటిలో ఒకటి కలిసిన తరువాత ఆరితేరినవారు కూడా పొరపడతారు. పొడి చేస్తే ఇక చెప్పనే అక్కరలేదు. పరీక్షశాలలో తేల్చుకోవలసిందే.

ఇక దీని గుణాలు చూద్దాము. ఈ కాయ నూనెలో 100కు 80, 90 పాళ్ళు అనెథోల్ అనే పదార్థం ఉంటుంది. దీని తీపి, వాసన దానివే. మన సోంపులో ఉన్నదీ అదే. భోజనమైన తరువాత వాయువు తగ్గడానికి, దగ్గుకు ఉపశమనానికి తూర్పు దేశాలలో తరతరాలుగా దీనిని వాడుతున్నారు. పెద్దవాళ్ళు వంటలో తిన్నంత మాత్రాన హాని లేదు. కిలో బియ్యానికి రెండు మూడు పువ్వులు చాలు. ఎక్కువ వేస్తే ఘాటు పెరిగి తక్కిన రుచులు అణగిపోతాయి.

ఈ కాయ కీర్తి లోకమంతా పాకడానికి మరొక కారణం ఉన్నది. 1885లో ఐక్‌మన్ అనే శాస్త్రవేత్త షికిమి చెట్టు నుంచి ఒక ఆమ్లాన్ని విడదీసి, దానికి షికిమిక్ ఆమ్లమని పేరు పెట్టాడు. అది చీనా అనాస పువ్వులో కూడా సమృద్ధిగా ఉన్నది. ఫ్లూ జ్వరానికి వాడే ఒసెల్టామివిర్ అనే మందుకు, అంటే 1999లో టామీఫ్లూ పేరుతో అమెరికాలో అనుమతి పొందిన మందుకు, అదే ముడిసరుకు అయింది. 2005లో కోళ్ళ ఫ్లూ భయం పుట్టగానే చీనాలో కాయ ధర ఎగిసింది. ఆ ఏడు డిసెంబరులో హైదరాబాదులోని హెటెరో సంస్థ ఈ మందు తయారీకి రోష్ కంపెనీ నుంచి అనుమతి పొందింది. 2009 మే నెలలో మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు తేలినదీ హైదరాబాదులోనే. పలావులో పడే కాయతో మొదలైన మందు మన నగరంలోనే తయారై జనానికి అక్కరకు వచ్చింది.

ఇది విని, అనాస పువ్వు మరగబెట్టి తాగితే ఫ్లూ పోతుందని అనుకునేరు సుమా! షికిమిక్ ఆమ్లం మందు కాదు, మందుకు ముడిసరుకు. కర్మాగారంలో అనేక దశలు దాటితే గాని అది ఒసెల్టామివిర్ కాదు. పత్తికాయను భుజాన వేసుకుంటే చొక్కా అవుతుందా?

మరి ధర ఉన్న పంట గదా, మనమే నాటితే ఏమి అని అడిగే రైతు ఉండవచ్చును. ఇది చల్లని కొండలలో, ఏడాది పొడుగునా తేమ ఉండే చోట పెరిగే పచ్చని చెట్టు. మన జహీరాబాదు ఎర్రనేలలకు వాన నాలుగు నెలలది. ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. చెట్టు బ్రతికినా కాపుకు ఆరేడేండ్లు కాచుకోవాలి. పైగా షికిమిక్ ఆమ్లాన్ని ఇప్పుడు సూక్ష్మజీవులను పులియబెట్టి కూడా తీస్తున్నారు. ధరను ఎక్కించిన శాస్త్రమే ధరను దింపగలదు. కనుక ఎవరైనా మొక్కలు అమ్మజూపితే తొందరపడక, దిగ్వాల్ దారి పట్టినా దిడ్గి దారి పట్టినా ముందు తెలిసినవారిని అడగండి. దిడ్గిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. మన నేలకు మన అల్లం ఉన్నది, ధనియాలు ఉన్నవి, వాము ఉన్నది. కడుపుకు మేలు చేయడంలో అవి పరదేశి పువ్వుకు తీసిపోవు.

విస్తరణ అధికారులకూ, ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలకూ ఒక మనవి. ఇంటింటికీ పోయినప్పుడు ఈ మూడు మాటలు చెప్పండి. అనాస పువ్వును పొడిగా కాక కాయగానే కొనాలి. దానిని వంటకే వాడాలి. పసిబిడ్డకు దాని కషాయం ఒక్క చెంచా అయినా పట్టరాదు. బిడ్డ కడుపు ఉబ్బి ఏడుస్తుంటే దవాఖానకు తీసుకుపోవాలి. ఒకవేళ ఎవరైనా పట్టి, బిడ్డకు వాంతులో వణుకో కనిపిస్తే, మిగిలిన కాయలను కూడా వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపాలి.

పండితులకే మూడు వందల ఏండ్లు తెలియని తేడా, అర్ధరాత్రి దీపం వెలుగులో తల్లికి తెలుస్తుందా? తెలియదు. అందుకే ఈ జాగ్రత్త. సెలవు.