కుజుని ధ్రువములపై తెల్లదనము

టెక్కలికి చేరువనున్న నౌపడ ఉప్పుమళ్లలోని తెల్లని కుప్పలను రైలు కిటికీనుండి చూచిన ఆ ప్రాంతపువాడు ఉప్పని చెప్పును. ఊరెరుగనివాడు సున్నమనవచ్చును. తెల్లదనము వస్తువు పేరు చెప్పదు. కుజగ్రహపు ధ్రువముల విషయమున ఖగోళజ్ఞులకు ఇంచుమించు రెండువందల యేండ్లు తీరని చిక్కు ఇదియే.

ఆ తెల్లని మచ్చలు ఋతువులననుసరించి పెరుగుచు తరుగుచుండుట గమనించి, 1784లో విలియం హెర్షెల్ అవి మంచని తలచెను. మంచున్నచో నీటియావిరి యుండవలెను గదా! ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ 1867లో ఎట్నా పర్వతమెక్కి, కుజుని వర్ణపటములో ఆవిరి జాడ కలదని ప్రకటించెను. మరుసటి యేడు ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమునకు మన గుంటూరు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేకుండగనే చూచు ఉపాయము కనిపెట్టినవాడు ఈయనయే. గుంటూరులో నెగ్గిన వర్ణపటదర్శిని కుజునియెడ నెగ్గలేదు. కుజుని వెలుగు మన గాలిలోని ఆవిరిని దాటియే దానిని చేరవలెను. పర్వతమెక్కినను ఆ ఆవిరి పూర్తిగా తప్పదు. 1894లో కాంబెల్ కుజుని, గాలిలేని చంద్రుని పోల్చి చూడగా భేదమేమియు కనబడలేదు.

1948లో కైపర్ ఉత్తర ధ్రువమునుండి వచ్చు పరారుణ కాంతిని పరీక్షించి, అది నీటిమంచే యనెను. 1965లో మారినర్-4 కుజుని గాలి మిక్కిలి పలుచనని తెలుపగా, అచట బొగ్గుపులుసు వాయువే గడ్డకట్టునని లైటన్, మర్రేలు 1966లో లెక్క కట్టిరి. 1969 ఆగస్టులో మారినర్-7 దక్షిణ ధ్రువపు చలిని కొలిచెను. సున్నకు దిగువ సుమారు 125 డిగ్రీలు! ఆ పలుచని గాలిలో ఆ వాయువు గడ్డకట్టు చలి అదియే. 1976లో వైకింగ్ నౌకలు చూడగా, ఉత్తరమున వేసవిలో మిగిలినది నీటిమంచు. ఇరువురి మాటయు నిజమే.

కాంతిని కొలుచుటలో మరియొక పేచీ గలదు. పొగమంచు పలాస జీడితోటలపై కమ్మినపుడు నల్లని తోట తెల్లబడును. ఉప్పుకుప్పలపై కమ్మినపుడు తెల్లని కుప్ప మాయును. కుజునిపై ధూళియు నట్లే చేయును. కావున నేల పంచిన వెలుగెంత, గాలి పంచిన వెలుగెంత అని విడదీయవలెను.

2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న కుజుని కక్ష్య చేరిన మన నౌక ఈ రెండు పనులకును అక్కరకు వచ్చెను. మీథేను కొరకు పెట్టిన పరికరపు కొలతలతో, 1.65 మైక్రాన్ల పరారుణ కాంతిని నేల యెంత త్రిప్పికొట్టునో పటము గీసిరి. రంగుల కెమెరా చిత్రములతో వాలెస్ మారినెరిస్ అను మహాలోయపై ధూళి సాంద్రతను లెక్కించిరి. ఆరు నెలల పనికని పంపిన ఆ నౌక 2022 వరకు మాటలాడుచునే యుండెను.