బాగున్న రిపోర్టు, బాగోలేని మనిషి

విలియం హాల్‌స్టెడ్ 1920లో ప్రకటించిన 'ది ఆపరేటివ్ స్టోరీ ఆఫ్ గాయిటర్' గ్రంథాన్ని ఈనాడు వైద్యులు కూడా అరుదుగానే చదువుతారు. గళగండాన్ని కోసి తీయడం నేర్చుకున్న శస్త్రవైద్యుల చరిత్ర అది. చాలాకాలం తరువాత దాన్ని మళ్లీ తెరవడానికి కారణం ఒక రోగి అన్న మాట. థైరాయిడ్ శస్త్రచికిత్సలో ఆమె పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి కాల్షియం, విటమిన్ డి మాత్రలే ఆధారం. ఒకనాడు రక్తపరీక్ష ఫలితం చూసి, "రిపోర్టు బాగుందమ్మా" అన్నాను. "రిపోర్టు బాగుంది డాక్టరు గారూ, నేనే బాగోలేను" అన్నదామె. నా దగ్గర జవాబు లేదు. చరిత్రలో వెదికితే, ఆ జవాబు లేకపోవడానికి ఒక కారణం కనిపించింది.

పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు. ఒక్కొక్కటి బియ్యపుగింజంత ఉంటుంది. థైరాయిడ్ వెనుక నక్కి ఉండే ఈ గ్రంథులు స్రవించే హార్మోను రక్తంలోని కాల్షియాన్ని డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలుపుతుంది. ఆ హార్మోను కొరవడిన స్థితే హైపోపారాథైరాయిడిజం. కాల్షియం పడిపోతే నాడులు అదుపు తప్పుతాయి. పెదవుల చుట్టూ, వేళ్లకొసల్లో తిమ్మిరి పుడుతుంది, చేతులు కొంకర్లు పోతాయి, తీవ్రమైతే మూర్ఛ వస్తుంది. వైద్యులు ఈ కండరాల బిగింపును టెటనీ అంటారు.

ఇంత ముఖ్యమైన గ్రంథి కంటబడడానికే చాలాకాలం పట్టింది. 1834లో లండన్ జంతు ప్రదర్శనశాలకు చేరిన భారతీయ ఖడ్గమృగం ఒకటి 1849లో మరణించింది. దాని కళేబరాన్ని పరిశీలించిన రిచర్డ్ ఓవెన్, థైరాయిడ్‌ను అంటిపెట్టుకుని ఉన్న చిన్న పసుపుపచ్చని గ్రంథిని గుర్తించి రాశాడు. ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1877లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఐవార్ సాండ్‌స్ట్రోమ్ అనే వైద్యవిద్యార్థి ఒక కుక్కలో దాన్ని మళ్లీ చూశాడు. 50 మానవ దేహాలను పరీక్షించి 1880లో తన పరిశోధన ప్రకటించాడు. పారాథైరాయిడ్ అన్న పేరు అతడు పెట్టినదే. ఆ పరిశోధనకూ తగిన గుర్తింపు రాలేదు. దాని విలువ లోకానికి తెలియకముందే 1889లో, 37వ ఏట అతడు మరణించాడు.

ఇదే కాలంలో వియన్నాలో థియొడోర్ బిల్‌రోత్, బెర్న్‌లో థియొడోర్ కోకర్ గళగండ శస్త్రచికిత్సలో అగ్రగణ్యులు. ఇద్దరూ థైరాయిడ్‌ను తొలగించేవారు. కాని బిల్‌రోత్ రోగుల్లో కొందరికి టెటనీ వచ్చేది. కోకర్ రోగులకు అది అరుదు. వారు క్రమంగా మందగించి, ముఖం ఉబ్బి, బుద్ధి మొద్దుబారి శుష్కించేవారు. ఒకే గ్రంథిని తీస్తే రెండు వేర్వేరు వ్యాధులు ఎందుకు రావాలి? ఇద్దరి పద్ధతులనూ ఎరిగిన హాల్‌స్టెడ్ ఏళ్ల తరబడి ఆలోచించి తన గ్రంథంలో ఇచ్చిన వివరణ ఇది. కోకర్ నిదానస్థుడు. రక్తం చిందనీయక, చుట్టుపక్కల కణజాలాన్ని ముట్టక థైరాయిడ్‌ను మొత్తంగా తీసేవాడు. అందుచేత పారాథైరాయిడ్‌లు మిగిలేవి, థైరాయిడ్ మిగిలేది కాదు. బిల్‌రోత్ చేయి వేగం ఎక్కువ. థైరాయిడ్ ముక్కలు కొన్ని మిగిలేవి, పారాథైరాయిడ్‌లకో వాటి రక్తనాళాలకో హాని జరిగేది. రోగి ఏ వ్యాధితో బతకాలన్నది శస్త్రవైద్యుని చేతివాటాన్ని బట్టి నిర్ణయమైంది.

ఈ కథలో నన్ను ఆపింది కోకర్ చేసిన మరొక పని. శస్త్రచికిత్స విజయవంతమై ఇళ్లకు వెళ్లిపోయిన తన పాత రోగులను ఆయన మళ్లీ పిలిపించాడు. థైరాయిడ్ పూర్తిగా తీసినవారిలో అత్యధికులు క్షీణించి ఉండడం చూశాడు. తన కత్తి వల్ల జరిగిన ఈ హానిని 1883లో తానే లోకానికి వెల్లడించాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. గాయం మానిన తరువాత మనిషి ఎలా ఉన్నాడని అడగడం కూడా వైద్యంలో భాగమేనని ఆయన చూపాడు.

పారాథైరాయిడ్ రోగుల విషయంలో ఆ ప్రశ్న మరుగున పడింది. అందుకు కారణం ఒక గొప్ప విజయమే. 1891లో ఫ్రాన్స్‌లో గ్లే, 1896లో ఇటలీలో వస్సాలే, జెనెరాలీ జరిపిన ప్రయోగాల వల్ల ఈ గ్రంథులు పోవడమే టెటనీకి మూలమని రుజువైంది. 1909లో జాన్స్ హాప్‌కిన్స్‌కు చెందిన మెకల్లమ్, ఫెగ్ట్లిన్ అలా గ్రంథులు తీసిన కుక్కలకు కాల్షియం ఎక్కించగానే కొంకర్లు ఆగిపోవడం చూపారు. మరణం అంచున ఉన్న ప్రాణి క్షణాల్లో లేచి నిలబడితే ఇక సందేహమెందుకు? లోపం కాల్షియానిది, మందు కాల్షియం. తరువాత విటమిన్ డి తోడైంది. రోగి మరణించడం లేదు, అంకె సరిపోయింది. లెక్క అక్కడితో ముగిసిందనుకున్నారు.

కాని మాత్రలు హార్మోను కావు. పేగుల నుంచి కాల్షియం రక్తంలోకి చేరేట్టు అవి చేయగలవు. మూత్రపిండాలు ఆ కాల్షియాన్ని వదిలేయకుండా పట్టి ఉంచేది మాత్రం హార్మోనే. అది లేనప్పుడు మాత్ర పెంచితే మూత్రంలో కాల్షియం పెరిగి రాళ్లు ఏర్పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. తగ్గిస్తే తిమ్మిర్లు తిరిగి వస్తాయి. రోగి బతుకంతా ఈ ఇరుకు దారిలోనే నడవాలి. నా రోగి చెప్పినవి రక్తపరీక్షలో కనిపించేవి కావు. జంతికలు వత్తుతుంటే వేళ్లు బిగుసుకుపోవడం, చేతిసంచిలో మాత్రలు లేకుండా గుమ్మం దాటడానికి భయం, చదివిన పేజీనే మళ్లీ చదవడం, తలలో మంచు కమ్మినట్టుండడం, ఇంట్లోవాళ్లకు తాను సాకులు చెబుతున్నట్టు అనిపిస్తుందేమోనన్న సిగ్గు.

ఈ బాధను కొలిచిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 2002లో జర్మనీ నుంచి వెలువడింది. శస్త్రచికిత్సలో పారాథైరాయిడ్‌లు కోల్పోయిన 25 మంది స్త్రీలను, అదే తరహా శస్త్రచికిత్స జరిగినా ఆ గ్రంథులు పదిలంగా ఉన్న 25 మందితో పోల్చారు. తేడా ఉంటే అది కత్తిదో థైరాయిడ్‌దో అనడానికి వీలు లేదు. మొదటి బృందంలో చాలామందికి కాల్షియం ఆమోదిత పరిధిలోనే ఉంది. అయినా ఆందోళన, భయం, శారీరక బాధలు వారిలో గణనీయంగా ఎక్కువ. మెకల్లమ్ ప్రయోగం తరువాత ఇంచుమించు శతాబ్దానికి, "నేనే బాగోలేను" అన్న మాటకు సాక్ష్యం దొరికింది.

హార్మోను చికిత్స కథ కూడా ఇంతే ఆలస్యంగా నడిచింది. ఇన్సులిన్ బృందంలో పనిచేసిన జేమ్స్ కాలిప్ 1925 నాటికే పారాథైరాయిడ్ సారాన్ని తయారుచేశాడు. అది దీర్ఘకాల చికిత్సగా నిలవలేదు. మధుమేహ రోగికి 1922లో దక్కిన హార్మోను భాగ్యం వీరికి అమెరికాలో 2015 జనవరిలో గాని దక్కలేదు. 2019 సెప్టెంబరులో, సూదిమందు గొట్టంలోకి రబ్బరు రేణువులు చేరే ప్రమాదం ఉందని ఆ మందును అక్కడ వెనక్కి తీసుకున్నారు. 2024 చివరికి దాని తయారీనే ఆపివేస్తామని తయారీదారు ప్రకటించింది. ఒకసారి తేరుకున్నవారు మళ్లీ మాత్రల దారి పట్టారు. 2024 ఆగస్టులో రోజుకొకసారి తీసుకునే మరో హార్మోను మందుకు అమెరికాలో అనుమతి లభించింది. అది అందరికీ అవసరమూ కాదు, అందుబాటులోనూ లేదు.

ఆమెకు ఆ మందు తగునా కాదా అన్నది ఇంకా చర్చిస్తున్నాం. ఈలోగా నేను మార్చుకున్నది ఒక్కటే. ఆమె రాగానే కంప్యూటరు తెర తెరవను. ముందు ఎలా ఉన్నారని అడుగుతాను, ఆమె చెప్పినది రాసుకుంటాను. అంకె ఆ తరువాత చూస్తాను. కోకర్ 1883లో చేసినదానితో పోలిస్తే ఇది చాలా చిన్న పని. ఇన్నేళ్ల వృత్తిలో ఇదైనా ముందే చేసి ఉండవలసింది.