లాగ్‌బుక్ ఎవరిది?

నక్షత్రనౌక సిబ్బంది లాగ్‌ల రూపంలో నడిచే నవలికను చూడగానే ఇది కంప్యూటర్ యుగపు ప్రయోగం అనిపిస్తుంది. కాని ఆ రూపం సముద్రం మీద పుట్టింది. ముడులు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నీళ్లలోకి వదిలి ఓడ వేగం కొలిచేవారు. ఆ చెక్క పేరే లెక్కలు రాసే పుస్తకానికి వచ్చింది. దిశ, గాలి, సరుకు, చావులు అన్నీ అందులో ఎక్కేవి. ఎవరి కోసం? ప్రధానంగా ఓడ యజమాని కోసం.

1781లో జాంగ్ అనే బానిస ఓడ నుంచి 130 మందికి పైగా ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. యజమానులైన లివర్‌పూల్ వ్యాపారులు వాళ్లను సరుకుగా లెక్కగట్టి బీమా సొమ్ము అడిగారు. 1783లో మొదటి జ్యూరీ వాళ్ల వైపే తీర్పు చెప్పింది. వ్యవహారం లండన్ కోర్టుకెక్కేనాటికి లాగ్‌బుక్ మాయం. మునిగినవాళ్లకు ఆ పుస్తకంలో ఎలాగూ గొంతు లేదు. హత్యకు సాక్ష్యంగానైనా అది మిగల్లేదు.

డేనిష్ రచయిత్రి ఓల్గా రావ్న్ 2018లో, ‘ఉద్యోగులు’ అని అర్థమిచ్చే పేరుతో రాసిన నవలికను ఈ చరిత్ర పక్కన పెట్టి చదవాలి. నౌకలో మనుషులూ, తయారుచేసిన మానవాకారులూ కలిసి పనిచేస్తారు. కథంతా వాళ్ల వాంగ్మూలాలే. పని గురించి, దూరమైన భూమి గురించి, పని తీసేస్తే తమలో ఏం మిగులుతుందో దాని గురించి చెబుతారు. సిబ్బందికి గొంతు వచ్చిందని తొందరపడి సంతోషించనక్కరలేదు. వినేది సంస్థ పంపిన కమిటీ. వాంగ్మూలాల అంకెలు వరుసగా ఉండవు, కొన్ని అసలు కనబడవు. నౌకను ముగించాలన్న నిర్ణయమూ ఆ కాగితాల మధ్యనే ఉంటుంది.