మాజీ సోషలిస్టు దేశాలలో పేదరికం - స్త్రీ పురుష భేదాలు

1989 తరువాత కేంద్రీకృత ప్రణాళికా వ్యవస్థను విడిచి మార్కెట్ వ్యవస్థకు మారిన తూర్పు ఐరోపా దేశాలను, 1991 డిసెంబరులో విచ్ఛిన్నమైన సోవియట్ యూనియన్‌లోని 15 రిపబ్లిక్కులను మాజీ సోషలిస్టు దేశాలు అని వ్యవహరిస్తారు. ఈ మార్పు వలన కలిగిన పేదరికం స్త్రీలపై ఒక విధంగాను, పురుషులపై మరొక విధంగాను ప్రభావం చూపినది. చాలా దేశాలలో ఉత్పత్తి మొదట పడిపోయి, తరువాత పెరిగినది. అయితే ఆర్థికాభివృద్ధి జరిగినంత మాత్రాన స్త్రీ పురుషుల మధ్య అంతరం దానంతట అది తగ్గలేదు. పింఛను నియమాలు, శిశు సంరక్షణ, కుటుంబ సహాయం వంటి ఏర్పాట్లను ఆయా దేశాలు ఎంతవరకు నిలుపుకొన్నాయన్నది కూడా ఆ అంతరాన్ని నిర్ణయించినది.

నేపథ్యం

సోవియట్ యూనియన్‌లో చివరి ఉపాధి కల్పనా కార్యాలయాన్ని 1930లో మూసివేసి, నిరుద్యోగం అంతమైనదని ప్రభుత్వం ప్రకటించినది. 1970ల నాటికి అక్కడి కార్మికులు, ఉద్యోగులలో సుమారు సగం మంది స్త్రీలు. వైద్యులలో అధిక భాగం స్త్రీలే. అయితే విద్య, వైద్యం, వస్త్ర పరిశ్రమ వంటి స్త్రీలు అధికంగా ఉన్న రంగాలలో జీతాలు తక్కువ. గనులు, భారీ పరిశ్రమలలో జీతాలు ఎక్కువ. ఆ కారణంగా స్త్రీల సగటు వేతనం పురుషుల వేతనంలో సుమారు 70 శాతం మాత్రమే ఉండేది. ఇంటిపని భారం కూడా స్త్రీలపైనే ఉండేది. శిశు సంరక్షణ కేంద్రాలను, వైద్యశాలలను, విశ్రాంతి గృహాలను చాలాచోట్ల కర్మాగారాలే నడిపేవి. కనుక ఉద్యోగం అంటే జీతం మాత్రమే కాదు, ఈ సదుపాయాలన్నీ దానితోనే ముడిపడి ఉండేవి.

పరివర్తన కాలం

రష్యాలో 1992 జనవరి 2న చాలా వస్తువుల ధరలపై నియంత్రణ తొలగించారు. ఆ సంవత్సరంలో ధరలు సుమారు 26 రెట్లు పెరిగినవి. ప్రజలు దాచుకున్న పొదుపు సొమ్ము విలువ కోల్పోయినది. అధికారిక లెక్కల ప్రకారం 1992లో రష్యా జనాభాలో మూడవ వంతు మంది కనీస జీవన వ్యయం కంటే తక్కువ ఆదాయంతో ఉన్నారు. 1990 నుండి 1998 వరకు ఆ దేశపు స్థూల దేశీయోత్పత్తి సుమారు 40 శాతం తగ్గినది.

1989 తరువాతి దశాబ్దంలో ఈ ప్రాంతమంతటా పోయిన సుమారు 2 కోట్ల 60 లక్షల ఉద్యోగాలలో దాదాపు 1 కోటి 40 లక్షలు స్త్రీలవేనని యునిసెఫ్ 1999లో ప్రచురించిన నివేదిక అంచనా వేసినది. ప్రైవేటీకరణ తరువాత కర్మాగారాలు తమ శిశు సంరక్షణ కేంద్రాలను మూసివేశాయి లేదా పురపాలక సంస్థలకు అప్పగించాయి. మధ్య ఆసియాలో ఈ నష్టం అధికం. సుదీర్ఘమైన ప్రసూతి, శిశు పోషణ సెలవుల హక్కు చట్టంలో నిలిచినా, ప్రైవేటు యజమానులు అదే కారణంతో యువతులను పనిలోకి తీసుకొనుటకు వెనుకాడారు.

పురుషుల మరణాలు

పరివర్తన వలన పురుషులకు కలిగిన నష్టం ఆదాయం కంటే ఆయుర్దాయంలో స్పష్టంగా కనిపిస్తుంది. రష్యాలో పురుషుల సగటు ఆయుర్దాయం 1987లో సుమారు 65 సంవత్సరాలు కాగా, 1994 నాటికి 58 సంవత్సరాల లోపునకు పడిపోయినది. అదే సంవత్సరంలో స్త్రీల ఆయుర్దాయం సుమారు 71 సంవత్సరాలు. మద్యపానం, గుండె జబ్బులు, ప్రమాదాలు, హత్యలు, ఆత్మహత్యలు ఇందుకు ముఖ్య కారణాలు. భర్తల అకాల మరణం వలన ఒకే పింఛనుతో ఒంటరిగా జీవించే వృద్ధ స్త్రీల సంఖ్య పెరిగినది. ఈ విధంగా పురుషుల మరణాలు స్త్రీల పేదరికానికి కూడా కారణమైనవి.

పేదరికాన్ని కొలిచే పద్ధతి

పేదరికాన్ని సాధారణంగా కుటుంబం మొత్తం ఆదాయం ఆధారంగా కొలుస్తారు. ఆ ఆదాయం కుటుంబ సభ్యులందరికీ సమానంగా అందుతుందని ఈ పద్ధతి భావిస్తుంది. అందుచేత భార్యాభర్తలు కలిసి ఉన్న కుటుంబాలలో స్త్రీ పురుషుల పేదరిక శాతాల మధ్య పెద్ద తేడా కనిపించదు. ఒంటరి తల్లులు, ఒంటరి వృద్ధ స్త్రీలు ఉన్న కుటుంబాలలో మాత్రమే తేడా బయటపడుతుంది. 'పేదరికపు స్త్రీకరణ' అనే భావనను అమెరికా పరిశోధకురాలు డయానా పియర్స్ 1978లో ప్రతిపాదించారు. ఆ భావన ఈ దేశాలన్నింటికీ ఒకే విధంగా వర్తించదు.

పింఛన్లు, వృద్ధ స్త్రీలు

సోవియట్ చట్టం ప్రకారం పదవీ విరమణ వయస్సు స్త్రీలకు 55, పురుషులకు 60 సంవత్సరాలు. ఇది స్త్రీలకు ఇచ్చిన రాయితీగా భావింపబడినది. కాని జీవితకాలపు చందాలపై పింఛనును లెక్కించే కొత్త పద్ధతిలో ముందుగా విరమించిన స్త్రీకి నెలసరి పింఛను తగ్గుతుంది. పోలండ్ 1999లో ఇటువంటి పద్ధతిని ప్రవేశపెట్టినది. విరమణ వయస్సును ఇద్దరికీ క్రమంగా 67కు పెంచుతూ 2012లో చేసిన చట్టాన్ని 2017లో వెనుకకు తీసుకొని, స్త్రీలకు 60, పురుషులకు 65గా మార్చినది. రష్యా 2018లో చేసిన చట్టం ప్రకారం ఈ వయస్సులు 2028 నాటికి వరుసగా 60, 65 కావలసి ఉన్నది.

ఆర్థికాభివృద్ధికి, వృద్ధ స్త్రీల పేదరికానికి గల సంబంధం బాల్టిక్ దేశాలలో స్పష్టమవుతుంది. ఐరోపా సమాఖ్యలో మధ్యస్థ ఆదాయంలో 60 శాతాన్ని పేదరిక రేఖగా తీసుకుంటారు. వేతనాలు వేగంగా పెరిగినపుడు ఈ రేఖ కూడా పైకి పోతుంది. పింఛన్లు అదే వేగంతో పెరగకపోతే వృద్ధులు రేఖ క్రిందకు వస్తారు. లాట్వియాలో 2008-2009 సంక్షోభంలో వేతనాలు పడిపోయినవి. పింఛన్ల కోతను రాజ్యాంగ న్యాయస్థానం 2009 డిసెంబరులో కొట్టివేసినది. ఫలితంగా దేశం నష్టపోతున్న కాలంలో వృద్ధుల పేదరిక శాతం బాగా తగ్గినది, దేశం కోలుకున్న తరువాత తిరిగి పెరిగినది. వృద్ధులలో స్త్రీలే అధికులు కనుక ఈ హెచ్చుతగ్గుల ప్రభావం ప్రధానంగా వారిపైనే పడినది.

ఒంటరి తల్లులు, కుటుంబ సహాయం

విడిపోయిన తండ్రి భరణం చెల్లించనపుడు ప్రభుత్వమే చెల్లించే నిధిని పోలండ్ 2004లో రద్దు చేసి, 2008లో పునరుద్ధరించినది. 2016లో పిల్లల కొరకు నెలకు 500 జ్లోటీల భృతిని ప్రారంభించి, 2024లో దానిని 800 జ్లోటీలకు పెంచినది. రష్యా 2007లో రెండవ బిడ్డ పుట్టినపుడు ఇచ్చే 'మాతృత్వ మూలధనం' పథకాన్ని ప్రవేశపెట్టి, 2020లో మొదటి బిడ్డకు కూడా విస్తరించినది.

వలసలు

తజికిస్తాన్‌లో 1992-1997 అంతర్యుద్ధం తరువాత పురుషులు పెద్ద సంఖ్యలో పని కొరకు రష్యాకు వలస వెళ్ళారు. వ్యవసాయం, కుటుంబ పోషణ స్త్రీలపై పడినవి. భర్త నుండి డబ్బు రావడం ఆగిపోయిన కుటుంబాలు తీవ్రమైన పేదరికానికి గురైనవి. మాల్డోవా నుండి అనేక మంది స్త్రీలు ఇటలీలో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్ళారు, వారి పిల్లలు తాతామామ్మల వద్ద పెరిగారు.

చట్టాలు, వేతనాలు

స్త్రీలకు నిషిద్ధమైన వృత్తుల జాబితా సోవియట్ కాలం నుండి కొనసాగినది. 2000 నాటి రష్యా జాబితాలో 456 వృత్తులు, పనులు ఉండేవి. 2021 జనవరి నుండి వాటిని సుమారు 100కు తగ్గించారు. ఉక్రెయిన్ ఇటువంటి నిషేధాన్ని 2017లో రద్దు చేసినది. వేగంగా అభివృద్ధి చెందిన ఎస్టోనియాలో 2010ల ఆరంభంలో స్త్రీ పురుషుల వేతనాల మధ్య తేడా సుమారు 30 శాతం, ఇది ఐరోపా సమాఖ్యలో అత్యధికం. అదే కాలంలో స్లొవేనియాలో ఈ తేడా ఐరోపా సమాఖ్యలో అతి తక్కువగా ఉన్న దేశాల స్థాయిలో ఉండేది.

ఇవి కూడా చూడండి

పేదరికం
సోవియట్ యూనియన్
స్థూల దేశీయోత్పత్తి
ఆయుర్దాయం