తాళి ఉంది, కాగితమేదీ?

మా అమ్మాయీ అల్లుడూ పిల్లవాణ్ణి తీసుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోయే ప్రయత్నంలో ఉన్నారు. "అక్కడ గాలి బాగుంటుంది, బళ్ళు బాగుంటాయి, మనిషికి కాస్త తీరికంటూ ఉంటుందమ్మా" అంది అమ్మాయి. నేనేం కాదన్నాను? ఆవకాయ పట్టుకెళ్ళనిస్తారో లేదో కనుక్కోమన్నాను, అంతే.

తీరా చూస్తే తంటా ఆవకాయతో రాలేదు, పెళ్ళితో వచ్చింది. పెళ్ళయినట్టు సర్టిఫికెట్టు కావాలిట! తొమ్మిదేళ్ళ కిందట చేసిన పెళ్ళి. శుభలేఖ ఉంది, ఆల్బం ఉంది, ఆరువందలమంది భోంచేసి తాంబూలాలు పుచ్చుకుని వెళ్ళారు. ఇంకా సాక్ష్యమేమిటి? రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, పురోహితుడుగారిని వెతికి పట్టుకుని, చివరికి ఆ కాగితం సంపాదించారు.

"మూడు ముళ్ళూ పడ్డాక ఈ ముద్రలేమిటే?" అని విసుక్కున్నాను గాని, ఆ రాత్రి ఎప్పుడో చదివిన దక్షిణాఫ్రికా సంగతి జ్ఞాపకం వచ్చి నిద్రపట్టలేదు. మన ఆడవాళ్ళు కొందరు, తాము పెళ్ళాలమేనని ఒప్పించడానికి, అక్కడ జైలుకు వెళ్ళవలసి వచ్చింది.

మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా నేటాల్‌కు లక్షా యాభై రెండువేల మంది వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. అరవవాళ్ళతో పాటు విశాఖపట్నం, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఎందుకు వెళ్ళారంటే మా అమ్మాయి చెప్పిన కారణమే: ఇక్కడికన్నా అక్కడ బతుకు బాగుంటుందని. కాకపోతే మా అమ్మాయికి తీరిక కావాలి, వాళ్ళకు తిండి కావాలి.

ఒప్పందం అయిదేళ్ళు. 'ఎగ్రిమెంటు' అనే మాట వాళ్ళ నోట 'గిరిమిట్' అయింది. చెరకుతోటల్లో మగవాడికి మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆ తరవాత ఏడాదికో షిల్లింగు పెంపు. ఆడదానికి అందులో సగం. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుంటే చాలునన్నది చాలాకాలం నడిచిన లెక్క. దొరలకు కావలసింది చేతులు గాని, సంసారాలు కావు.

గడువు తీరాక కొందరు అక్కడే నిలిచిపోయి కూరగాయలు పండించుకున్నారు, చిన్న కొట్లు పెట్టుకున్నారు. అది తెల్లవాళ్ళకు కంటగింపయింది. తిరిగి ఒప్పందం రాయకుండా, ఇండియాకూ పోకుండా ఉండిపోతే ఏడాదికి మూడు పౌన్లు పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. తరవాత దాన్ని పదహారు దాటిన మగపిల్లలకూ, పదమూడు దాటిన ఆడపిల్లలకూ వర్తింపజేశారు. మొగుడూ పెళ్ళాం, ఎదిగిన పిల్లలిద్దరూ ఉంటే పన్నెండు పౌన్లు! నెలకు పద్నాలుగు షిల్లింగులు తెచ్చుకునేవాడికి అది పదిహేడు నెలల సంపాదన. ఇల్లాలికీ లెక్కలు తెలుసు కదా, వేసుకుని చూడండి.

ఆ దేశానికి కాపురం తరలించుకుని వెళ్ళిన వాళ్ళలో కస్తూరిబా ఒకరు. 1896 చివర గాంధీగారు ఆమెనూ, ఇద్దరు కొడుకులనూ, మేనల్లుణ్ణీ వెంటబెట్టుకుని ఓడ ఎక్కారు. నాగరికంగా కనిపించాలని ఆమెకు పార్సీ పద్ధతిలో చీర కట్టించారు, కాళ్ళకు మేజోళ్ళూ బూట్లూ తొడిగించారు, కత్తీ ఫోర్కూ పట్టించారు. బూట్లు కరిచాయనీ, మేజోళ్ళు చెమటకు కంపు కొట్టాయనీ ఆయనే తరవాత ఒప్పుకున్నారు. పై దేశం వెళ్ళేటప్పుడు మారవలసింది ముందు ఆడదాని కట్టూబొట్టేనని మగవాళ్ళకు ఎవరు చెబుతారో!

ఓడను రేవు బయటే మూడు వారాలకు పైగా ఆపేశారు. 1897 జనవరిలో దిగాక, భార్యాబిడ్డలను బండిలో స్నేహితుడింటికి పంపి గాంధీగారు వెనక నడిచి వస్తూంటే తెల్లవాళ్ళ గుంపు మీదపడి కొట్టింది. అడ్డంగా వచ్చి గొడుగు విప్పి ఆయన్ని కాపాడింది పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండర్ గారి భార్య. తెల్లదొరసానే.

పదహారేళ్ళు గడిచాయి. 1913 మార్చిలో కేప్ రాష్ట్రపు న్యాయమూర్తి సర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. ఒక ముస్లిం తన భార్యను దేశంలోకి రానివ్వమని వేసిన దావా అది. ఒకరికన్నా ఎక్కువమంది భార్యల్ని ఒప్పుకునే మతాల పద్ధతిలో జరిగిన పెళ్ళి అక్కడ చెల్లదన్నాడు. అంటే క్రైస్తవ పద్ధతిలో జరిగినవీ, రిజిస్ట్రారు దగ్గర నమోదైనవీ తప్ప మన పెళ్ళిళ్ళన్నీ గాలిలో కలిసినట్టే. భార్యలు ఉంపుడుగత్తెల లెక్క. బిడ్డలకు వారసత్వం లేనట్టే.

ఇన్నాళ్ళూ సత్యాగ్రహం మగవాళ్ళ పని. ఇప్పుడు దెబ్బ మంగళసూత్రం మీదే తగిలింది. గాంధీగారు తక్కిన ఆడవాళ్ళతో మాట్లాడుతుంటే విని, తనతో ముందు చెప్పలేదని కస్తూరిబా నొచ్చుకున్నారు. తానూ జైలుకు వస్తానన్నారు. సెప్టెంబరులో ఆమెకూ మరి ముగ్గురు స్త్రీలకూ మూడు నెలల కఠినశిక్ష పడింది. విడుదలయ్యేనాటికి మనిషి సగమైపోయారు.

ట్రాన్స్‌వాల్ నుంచి వచ్చిన మరో బృందం, చంటిపిల్లల తల్లులతో సహా, న్యూకాసిల్ బొగ్గుగనుల్లో కూలీల దగ్గరకు వెళ్ళి మూడు పౌన్ల పన్ను సంగతి చెప్పింది. ఆడవాళ్ళ మాట మీద గనుల్లో పని ఆగిపోయింది. నవంబరు 6న బయలుదేరిన పెద్ద నడకలో 2,037 మంది మగవాళ్ళు, 127 మంది ఆడవాళ్ళు, 57 మంది పిల్లలు. ఆ నడకల రోజుల్లో ఇద్దరు పసివాళ్ళు పోయారు. ఒక బిడ్డ వాగు దాటుతుండగా తల్లి చేతుల్లోంచి జారిపోయింది. అయినా ఆ తల్లులు వెనక్కి తిరగలేదు. పదహారేళ్ళ వళ్ళియమ్మ జైల్లో పట్టుకున్న జ్వరంతోనే 1914 ఫిబ్రవరిలో కన్నుమూసింది.

ఆ ఏడాదే చట్టం మారింది. మూడు పౌన్ల పన్ను పోయింది. మన ఆచారం ప్రకారం కట్టుకున్న ఒక్క భార్యను భార్యగా గుర్తించడానికి దారి ఏర్పడింది.

అక్కడే నిలిచిన తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషల్లో తెలుగు పేరు కూడా ఉంది. ఓడ ఎక్కినవాళ్ళలో ఆడవాళ్ళు కొద్దిమందే అయినా, వాళ్ళు పిల్లల్ని తెలుగులో జోకొట్టబట్టే కదా ఆ పేరు అక్కడికి ఎక్కింది!

ఇవన్నీ పాతకాలపు కష్టాలేనని తీసెయ్యకండి. అమెరికాకు భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకు ఉద్యోగం చేసుకునే అనుమతి, అదీ కొందరికే, 2015లో గాని రాలేదు. ఎమ్మెస్సీలు చదివిన పిల్లలు ఏళ్ళతరబడి వంటింట్లోనే ఉండిపోయారు. ఇల్లు పెద్దదే, కారు పెద్దదే. మనిషి ఉనికి మాత్రం మొగుడి కాగితంలో ఒక గడి.

మర్నాడు పొద్దున్న కాఫీ కలుపుతూ అమ్మాయిని అడిగాను: "గాలీ బళ్ళూ సరేనే, అక్కడ నీకు నీ పేరు మీద ఉద్యోగం చేసుకునే హక్కుందా?"

అది ఆశ్చర్యంగా చూసి, "ఉందమ్మా, మొదట చూసుకున్నది అదే" అంది.

ఆ సర్టిఫికెట్టుకు నాలుగు నకళ్ళు తీయించి, ఒకటి నా ట్రంకుపెట్టెలో, మా పెళ్ళి ఫొటో కింద దాచాను. మాకైతే ఇప్పటిదాకా అలాంటి కాగితమే లేదు!