డ్రైవర్‌ సీడీ పోతే వీధంతా వెతుకులాటే

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్‌ రైళ్లు మొదలయ్యాక హఫీజ్‌పేట్‌ వాళ్లకు సికింద్రాబాద్‌ దగ్గరైంది. పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్లో మదర్‌బోర్డు, ర్యామ్‌, హార్డ్‌డిస్క్‌ విడివిడిగా బేరమాడి కొని, బిగించిన సీపీయూను ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చుకునేవాళ్లు. దాంతోపాటు పరికరాలను పనిచేయించే సాఫ్ట్‌వేర్లు, అంటే డ్రైవర్లు ఉన్న సీడీ ఒకటి చేతిలో పెట్టేవారు. దాన్ని ఎక్కడో పడేసేవాళ్లే ఎక్కువ. వైరస్‌ సోకి విండోస్‌ మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు గానీ దాని విలువ తెలిసేది కాదు.

స్పీకర్లు మూగబోయేవి. తెరమీద అక్షరాలు బండగా కనిపించేవి. డివైస్‌ మేనేజర్‌ తెరిస్తే వరసగా పసుపు రంగు ఆశ్చర్యార్థకాలు. ల్యాన్‌ డ్రైవర్‌ దించుకోవాలంటే ఇంటర్నెట్‌ ఉండాలి, ఇంటర్నెట్‌ రావాలంటే ల్యాన్‌ డ్రైవర్‌ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! ఇక అదే బోర్డు ఎవరింట్లో ఉందో వాకబు చేసి సీడీ అడిగి తెచ్చుకోవడమే.

అంతకుముందు రోజులు ఇంకా ఘోరం. కార్డు మీది చిన్న జంపర్లను పీకి గుచ్చి, ప్రాసెసర్‌ను పిలవడానికి ఏ కార్డుకు ఏ ఐఆర్‌క్యూ నంబరో మనమే కేటాయించాలి. ఒకే నంబరు రెండింటికి పడితే రెండూ మొరాయించేవి. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్‌ 95 ఈ బాధ తప్పిస్తానంది. మాట పూర్తిగా నిలబడలేదు. 1998 ఏప్రిల్‌లో షికాగో కామ్‌డెక్స్‌ కంప్యూటర్‌ ప్రదర్శన వేదికపై, బిల్‌ గేట్స్‌ పక్కనుండగానే, స్కానర్‌ తగిలించగానే విండోస్‌ 98 మొరాయించి నీలి తెర చూపింది.

కంప్యూటర్‌ పరికరాన్ని పోల్చుకునే పద్ధతి నిజానికి సులువే. ప్రతి పీసీఐ కార్డులో తయారీదారు సంఖ్య ఒకటి, మోడల్‌ సంఖ్య ఒకటి ఉంటాయి. ఇంటెల్‌ తయారీదారు సంఖ్యగా తన పాత ప్రాసెసర్‌ పేరే, 8086, పెట్టుకుంది. 10ఈసీ అంటే రియల్‌టెక్‌. 10ఈసీ పక్కన 8168 కనిపిస్తే అది వాళ్ల గిగాబిట్‌ ల్యాన్‌ చిప్‌. సంఖ్య చదవడం యంత్రం పని. ఆ సంఖ్య దేనిదో ఎవరో ఒకరు రాసిపెట్టాలిగా! చెక్‌ ప్రోగ్రామర్‌ మార్టిన్‌ మారెష్‌ మొదలుపెట్టిన పీసీఐ సంఖ్యల జాబితాకు ప్రపంచం నలుమూలల నుంచి వాడుకరులే పేర్లు పంపుతున్నారు. ఆటోమేటిక్‌ అని మనం మురిసిపోయేదాని వెనక ఉన్నది ఇలాంటి చాకిరే.

పరికరం పేరు తెలిస్తే చాలదు, దాన్ని నడిపించే డ్రైవర్‌ సంగతి వేరు. ప్రింటర్‌ సాఫ్ట్‌వేర్‌ సోర్సు కోడ్‌ ఇవ్వడానికి నిరాకరించినందుకు ప్రోగ్రామర్‌ రిచర్డ్‌ స్టాల్‌మన్‌కు వచ్చిన కోపమే 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ ఉద్యమానికి ఒక కారణం. లైనక్స్‌ ఆపరేటింగ్‌ సిస్టమ్‌లో చాలా డ్రైవర్లు దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌తోనే వస్తాయి. సీడీ బెడద లేదు. 2007లో లైనక్స్‌ కెర్నెల్‌ ప్రోగ్రామర్‌ గ్రెగ్‌ క్రోవా-హార్ట్‌మన్‌ కంపెనీలకు ఉచితంగానే డ్రైవర్లు రాసిపెడతామన్నాడు. ఇక్కడ, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ ఫౌండేషన్‌ ఆంధ్రప్రదేశ్‌గా మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్‌ సిస్టమ్‌ తెచ్చింది. కొన్ని వైఫై చిప్‌ల లోపలి సాఫ్ట్‌వేర్‌ (ఫర్మ్‌వేర్‌) గుట్టు మాత్రం కంపెనీలు ఇప్పటికీ విప్పడం లేదు. ఇది దబాయింపే తప్ప భద్రత కాదని నా అభిప్రాయం.

అటక మీది పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేసే ముందు ఒక్కసారి లైనక్స్‌ పెన్‌డ్రైవ్‌తో ఆన్‌ చేసి చూడండి. ఏదైనా పరికరం పేరు లేకుండా ఉత్త సంఖ్యగా కనిపిస్తే, దాని పేరేమిటో ఆ పీసీఐ సంఖ్యల జాబితాకు మీరే రాసి పంపండి.